వంకాయకు దిష్టి చుక్క

ఇలా దగ్గరకు జరగండి, ఆ పీట లాక్కుని కూర్చోండి. కూర్చుని వినాల్సిన సంగతే గాని, కుదురుగా కూర్చోలేకపోయిన మనిషి సంగతి ఇది. మొన్న శృంగవరపుకోట నుంచి బస్సులో వస్తుంటే నా పక్కనున్న అమ్మాయి ఫోన్ తీసి, ఒక చిన్న బొమ్మ మీద వేలు నొక్కి, ఇంటికి బెండకాయలూ టమాటాలూ పంపమని చెప్పేసింది. ఆ బొమ్మ వంకాయ. "ఆ వంకాయ మా ఇంట్లో పుట్టింది తల్లీ" అన్నాను, నోరు ఊరుకోక. "మీకు పొలం ఉన్నాదేటి అమ్మమ్మా?" అంది. పొలంలో కాదమ్మా, మా ముందుగదిలో పుట్టింది అని చెప్పేలోగా ఆమె దిగే చోటు వచ్చేసింది. చెప్పాల్సిన మాట లోపల ఉండిపోతే నాకు అన్నం సయించదు. అందుకని మిమ్మల్ని పట్టుకున్నాను.

మా ఇల్లు కొత్తవలసలో రైలు పట్టాలకు బాగా దగ్గర. కిరండూల్ వైపు నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు బండి వెళ్తుంటే అలమరలో గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నేను ఆ ఇంటి పెద్దకోడలిని. బడికి పోయింది తక్కువ, చూసింది మరిచిపోయింది ఇంకా తక్కువ. నా తోటికోడలు, అంటే మా మరిది పెళ్ళాం, నాలా కాదు. నన్ను అప్పా అని పిలుస్తుంది, మా వైపు అక్కను అలాగే అంటాం. పెళ్ళికి ముందే ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంది. అప్పట్లో సన్నటి కుంచె పట్టుకుని ఫోటోల మీద మచ్చలు మాయం చేసేది. తరువాత కంప్యూటర్ వచ్చింది. స్టూడియో మూతపడ్డాక ఆ పాత కంప్యూటర్ని తానే కొనుక్కుని మా ముందుగదిలో పెట్టుకుంది. పోయిన ముసలివాళ్ళకు కోటు తొడగడం, కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుక్కి ఇంకో ఫోటోలోని కళ్ళు తెచ్చి అతికించడం, ఎప్పుడూ పక్కపక్కన నిలబడని అన్నదమ్ములను ఒకే ఫోటోలో నవ్వించడం, ఇవీ ఆమె పనులు. ఒకాయన వచ్చి, తన పక్కనున్న తోడల్లుణ్ణి తీసేసి ఆ జాగాలో ఆవును పెట్టమన్నాడు. పెట్టింది. ఆవు బాగా కుదిరింది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ముఖం మీద మచ్చలన్నీ తుడిచి, బుగ్గలు నున్నగా చేసి, ఇక చూడముచ్చటగా ఉందనుకున్నాక, చివర్న చెవి వెనకాలో మెడ మడతలోనో ఆవగింజంత నల్ల చుక్క పెట్టేది. దిష్టి చుక్క. చంటిపిల్లలకు మనం అరికాలిలో పెట్టమూ, అలాగన్నమాట. ఫోటో పట్టుకెళ్ళినవాళ్ళకు అది కనపడేది కాదు. చుక్క లేకుండా ఏ ఫోటో ఆమె చేయి దాటలేదు, ఒక్కటి తప్ప. అది మా మరిది ఫోటో. దిద్దడం అయ్యాక చుక్క పెట్టేలోగా ఎవరో పిలిచారు. వెళ్ళొచ్చి అలాగే అచ్చు తీసి, అద్దం కట్టించి గోడకు తగిలించింది. ఆ వానాకాలమే మా మరిదికి జ్వరం వచ్చింది, తగ్గలేదు, మనిషి దక్కలేదు. జ్వరానికీ చుక్కకీ ఏమిటి సంబంధం అని నన్నడిగితే ఏమీ లేదనే అంటాను. ఆమె కూడా ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. కాని ఆ తరువాత చుక్క పెట్టాక ఒకసారి చూసుకోవడం, అచ్చు తీసే ముందు మళ్ళీ చూసుకోవడం, కవరులో పెట్టి ఇచ్చేటప్పుడు మళ్ళీ బయటకు తీసి చూసుకోవడం మొదలైంది. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

రానురాను ఫోటోలు అచ్చు వేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. అందరి ఫోటోలూ ఫోన్లలోనే ఉండిపోయాయి. వారం గడిచినా ముందుగది మెట్టు ఎక్కేవాళ్ళు లేరు. ఇక కంప్యూటర్ అమ్మేసి విశాఖ వెళ్ళి, మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పనిలో చేరతానని చెప్పింది. ఆమె వెళ్ళిపోతే, మా ఆయన పనికి పోయాక ఆ ఇంట్లో గిన్నెలతో పాటు నేనూ ఒంటరిగా గలగలలాడాలి. వద్దు అనడానికి నా దగ్గర ఇంకో దారి లేదు.

ఆ సమయంలో వచ్చాడు బావ. నా తోటికోడలికి వరసకే బావ. చుట్టుపక్కల ఊళ్ళలో కూరగాయలు కొని విశాఖ పంపే మనిషి. ఫోన్లో నొక్కితే కూరగాయలు ఇంటికి వచ్చే యాప్ ఒకటి నలుగురితో కలిసి పెడుతున్నాడట. దానికి ఐకాన్ కావాలన్నాడు. ఐకాన్ అంటే ఏమిటని నేను అడిగితే, "కొట్టుకి గుమ్మం ఉంతాది కదేటి వదినా, ఫోన్లో అదే గుమ్మం" అన్నాడు. ఆ గుమ్మం వంకాయలా ఉండాలి, మెరవాలి. "ఏలెడితే జారిపోవాల, అలగ మెరిసిపోవాల. అది నచ్చితే మిగతా కూరల బొమ్మలన్నీ నీకే మరదలా. నచ్చకపోతే విశాకపట్నంలో సేయించుకుంతాం, మరి నన్ననొద్దు."

ఆ పూట నుంచి మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. ముందుగా నా తోటికోడలు మూలలు గుండ్రంగా ఉన్న పలక ఒకటి గీసింది, లేత ఆకుపచ్చ రంగులో. దాని మీద వంకాయ. రంగు కింద ముదురు, పైకి వస్తుంటే లేత. ఒక్క రంగు కాదు, ఒక దానిలోకి ఒకటి కరిగిపోవాలి. అది కుదరక చెరిపేది, మళ్ళీ గీసేది, లేచి వాకిట్లోకి వెళ్ళేది, ఊడ్చిన వాకిలే ఊడ్చేది, చీపురు పడేసి మళ్ళీ వచ్చేది. గూడ్సు బండి వస్తే బల్ల అదిరి చేతి కింద మౌసు జారుతుందని, కాలిన పెనం మీద నుంచి తీసినట్టు చేయి పైకెత్తి, బండి పోయేదాకా గాలిలోనే పట్టుకుని కూర్చునేది. ఆ బండికి పెట్టెలు ఎన్నో మీకు తెలుసు కదా, తరగవు. నేను బజారు నుంచి వంకాయలు తెచ్చి కిటికీలో పెట్టాను. వాటిని చూసి గీసేది, చూసి విసుక్కునేది. వడిలినవి నేను కూర వండేదాన్ని. రోజూ వంకాయ కూరేనా అని మా ఆయన అడిగితే ఇద్దరం ఒకేసారి కసిరాం.

మెరుపు పెట్టడం మాత్రం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. తెల్లరంగుతో కోడిగుడ్డు లాంటి ఆకారం గీసి వంకాయ పైభాగం మీద పరిచింది. చూస్తే సున్నం పూసినట్టుంది. "ఓలమ్మో, పాడుసేసీసేవే" అన్నాను. "ఉండప్పా" అని ఆ తెలుపును కింది నుంచి మెల్లమెల్లగా మాయం చేసుకుంటూ వచ్చింది. ఉన్నట్టుండి ఆ వంకాయ మీద ఎండ పడింది! కిటికీ మూసే ఉంది, ఎండ మాత్రం పడింది. నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. అలవాటు ప్రకారం వంకాయ పక్క వంపులో ఆవగింజంత చుక్క పెట్టి, చూసుకుని, మళ్ళీ చూసుకుని, బావకు పంపించింది.

మర్నాడు పొద్దున్నే బావ స్కూటర్ వేసుకుని వచ్చేశాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే అందుకున్నాడు.

"పుచ్చొంకాయ ఎట్టీసి యాపారం సేసుకోమంతావేటే మరదలా?"

"పుచ్చేటి బావా?"

"సూడు, ఇదేటి మరి? పురుగు బొక్క! మావోళ్ళందరూ ఫోన్లట్టుకుని నవ్వుతన్నారు. ఆ బొక్కలోంచి పురుగెప్పుడొస్తాదా అని సూస్తన్నారు."

"అది పురుగు బొక్క కాదు బావా, దిట్టి సుక్క."

"వంకాయకి దిట్టేటే! అదేటన్నా పెల్లికూతురా?" అని బావ పకపకా నవ్వి, నవ్వడం అయ్యాక మాట మార్చకుండా చెప్పాడు. "సాయంత్రానికి సుక్క తీసీసి పంపు. తియ్యనంతావా, పట్నంలో సేయించుకుంతాను."

తీసేయడం ఎంత పని? ఒక మీట నొక్కితే పోతుంది. ఆమె నొక్కింది, చుక్క పోయింది. ఇంకో మీట నొక్కి వెనక్కి తెచ్చింది. లేచింది, నూతి దగ్గరకు వెళ్ళి ముఖం కడుక్కుంది, వచ్చి మళ్ళీ పోగొట్టింది, మళ్ళీ తెచ్చింది. మధ్యాహ్నం కంచంలో అన్నం కలిపి అలాగే పెట్టి వెళ్ళింది. నేను ఉల్లిపాయలు తరగడానికి కూర్చుని, కత్తిపీట వదిలి, గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకు వచ్చానో తెలియక వెనక్కి తిరిగాను.

"తీసియ్యే" అన్నాను చివరికి. "కాయగూరకి ఏటౌతాదే?"

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నీ నోటితో నువ్వు మల్లీ సెప్పప్పా. తీసీమంతావా?"

గోడ మీద మా మరిది నవ్వుతున్నాడు. తీసేయ్ అంటే ఆమెకు ఇంక నిద్ర ఉండదు. వద్దంటే సీసాలూ మూతలూ. అంతలో గూడ్సు బండి వచ్చింది. ఆమె చేయి పైకెత్తి పట్టుకుంది. గిన్నెలు మోగుతున్నాయి, కిటికీలో వంకాయలు కదులుతున్నాయి, ఆమె కళ్ళు మాత్రం తెర మీద నుంచి కదలలేదు. బండి పోయింది. అయినా చేయి దించలేదు.

తరువాత తెర పక్కన చిన్న వరస ఒకటి తెరిచింది. ఆ బొమ్మ ఒక్క బొమ్మ కాదట, పొరలు పొరలుగా ఉంటుందట, పెట్టెలో చీరలు మడతపెట్టి పేర్చినట్టు. అడుగున పలక, దాని మీద వంకాయ, దాని మీద మెరుపు, అన్నింటికీ పైన చుక్క. ఆమె చుక్కను పట్టుకుని మెరుపు కిందికి దింపింది. అక్కడ తెలుపు చిక్కగా ఉన్న చోటికి జరిపింది. ఇంకొంచెం తెలుపు వేసింది. చుక్క కనపడలేదు.

"తీసీసేవా?" అన్నాను.

"లేదప్పా. ఉన్నాది." మెరుపును ఒక్క క్షణం పక్కకు తప్పించింది. నల్లగా, ఆవగింజంత, అక్కడే ఉంది. మళ్ళీ కప్పింది. "ఎవలికీ కనిపించదు. నాకు తెలుసు."

అప్పుడు వెళ్ళి కలిపిన అన్నం తింది, చల్లారిపోయినదే.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఇదే మరదలా! ఇప్పుడు లేతగున్నాది. అప్పుడే కోసి కడిగినట్టున్నాది" అన్నాడు. బెండకాయ, బీరకాయ, గుమ్మడి, అన్నీ మా ముందుగదిలోనే తయారయ్యాయి. అన్నింటికీ మెరుపు కింద చుక్కలున్నాయి. సీసాల మాట మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళు పోయాక మెరుపుల మోజు తగ్గింది. కాగితం కత్తిరించి అతికించినట్టు సాదాగా ఉండాలి, ఆ మెరుపులు తీసేయమని బావ వాళ్ళే కబురు పెట్టారు. నేను చేతిలో పని వదిలేసి ఆమె దగ్గరకు పరిగెత్తాను, మెరుపు తీస్తే కింద చుక్క బయటపడుతుంది కదా అని. ఆమె మటుకు టీ తాగుతూ, రెండో చేత్తో చుక్కను తొడిమ కిందికి జరిపి, మెరుపు తీసేసి, "అయిపోయిందప్పా" అంది. లేవలేదు, వాకిలి ఊడవలేదు, గుక్కెడు టీ కూడా ఒలకలేదు. ఒకప్పుడు రోజంతా ఆమెను కుదురుగా కూర్చోనివ్వనిదే, కాలం గడిచాక చేతికి అలవాటైన చిన్న పని అయిపోయింది. కాలం ఆ భయాన్ని పోగొట్టలేదు. ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం నేర్పింది.

ఇంతసేపు కదలకుండా విన్నారు. మీ ఇంటి పొయ్యి మీద కూర కమ్మగా ఉడకాలి, మీ పిల్లలూ పెద్దలూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలి, ఏ కన్నూ మీ గడప లోపలికి రాకుండా బయటి నుంచే మళ్ళిపోవాలి.