నా మెషీను, సుక్రమ్మ చికెను

మొన్న ఆదివారం చాపరాయి దగ్గర ఏం జరిగిందో ఇప్పటికే ఎవరో ఒకరు మీ చెవిన వేసే ఉంటారు. నమ్మకండి. వాళ్ళు తగ్గించి చెబుతారు. నేనెంత పెద్ద వెర్రివెంగళప్పనయ్యానో పూర్తిగా తెలియాలంటే నా నోటనే వినాలి. ఈ ఏజెన్సీలో ఏ పనైనా నా అంత భారీగా చేసిన మొనగాడు లేడు. తప్పు కూడా అంతే!

నలభై ఏళ్ళ కిందట విజయనగరం నుంచి ఈ కొండెక్కాను. ఆ రోజుల్లో డుంబ్రిగుడ సంతలో నేను గొంతెత్తి పిప్పళ్ళ ధర చెబితే, అరకులో రైలు దిగుతున్న షావుకారు అక్కడే సంచీ విప్పేవాడు. ఒకసారి అడవిలో ఎలుగుబంటి ఎదురొస్తే, "ఏరా, పనీపాటా లేదా?" అన్నాను. తల దించుకుని పక్కకు తప్పుకుంది. మా ఆవిడ నూకాలు మాత్రం అది ఎలుగు కాదు, ఊరపంది అంటుంది. ఆవిడ ఆ రోజు అక్కడ లేదు లెండి.

చాపరాయి జలపాతం దగ్గర మొట్టమొదటి బొంగు చికెన్ దుకాణం నాదే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద కాల్చడం. చుక్క నూనె ఉండదు. ఈ విద్య కనిపెట్టింది నేనేనని టూరిస్టులకు చెబుతుంటాను. అలా చెప్పినప్పుడల్లా రోడ్డుకి అవతలి నుంచి ఒక గొంతు వస్తుంది.

"మా అవ్వ కూడా నీ దగ్గిరే నేర్సుకుందేటి అన్నా?"

ఆమే వంతల సుక్రమ్మ. పక్క ఊరి మనిషి. యాభై ఏళ్ళుంటాయి. నా దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఆమె దుకాణం, అదీ బొంగు చికెనే.

నాకు ఆమె మీద అసూయ లేదు. నవ్వకండి! ఆమె దుకాణానికి కొత్త రేకులు వేయించినప్పుడు నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. అది చలి వల్ల. ఆమె బల్లలకి నీలం రంగు పూయించిన వారంలోనే నా బల్లలకి ఎర్ర రంగు పూయించాను. అది పాత రంగు పెచ్చులూడిపోయినందువల్ల. అంతకు మించి ఏమీ లేదు.

కానీ ఈ సీజనుకి ఆమె కార్డు మెషీను తెచ్చింది.

అరచెయ్యంత నల్ల డబ్బా. కార్డు పెడితే కీచుమంటుంది, నాలుక చాపినట్టు చీటీ బయటికి తీస్తుంది. స్కాన్ చేసే బోర్డు మా ఇద్దరికీ ఉంది గాని, చాపరాయిలో టూరిస్టుల ఫోన్లకి సిగ్నల్ అందదు. బోర్డు గోడకి దిష్టిబొమ్మలా వేలాడుతుందంతే. అందుకని జేబులో నోట్లు లేనివాళ్ళంతా ఆ కీచు దగ్గరికే! ఆ చప్పుడు రోడ్డు దాటి వచ్చి నా చెవిలోనే దూరేది. రోజుకి ఎన్నిసార్లు మోగేదో నేను లెక్కపెట్టేవాణ్ణి కాదు. శనివారం మాత్రం నలభై ఒకటి.

ఇలా ఉండగా విశాఖపట్నం నుంచి బస్సులు తెచ్చే ట్రావెల్స్ మేనేజరు మూర్తి ఒక మాట అన్నాడు.

"వచ్చే ఆదివారం మూడు బస్సులు తెస్తున్నాను తాతగారూ. మీ ఇద్దరిలో ఎవరి దగ్గర జనం ఎక్కువుంటే, సీజనంతా మా బస్సులు అక్కడే ఆపుతాం."

సీజనంతా! ఆదివారానికి మూడు బస్సులు! ఆ సాయంత్రమే బ్యాంకు ఏజెంటుకి ఫోను చేయించాను. మర్నాటికి మెషీను నా బల్ల మీద ఉంది.

ఏజెంటు మంచివాడు. అరగంట కూర్చుని వివరంగా చెప్పాడు. ఆ అరగంటా నేను సుక్రమ్మ ముఖం చూస్తున్నాను, మాడిందా లేదా అని. చెవిన పడినవి నాలుగే ముక్కలు. "క్రెడిట్ కార్డయితే... చార్జీ... జీఎస్టీ... సంతకం."

"అర్థమైందా తాతగారూ?"

"నేను పుట్టాకే అర్థమనే మాట పుట్టింది. ఎక్కడ పెట్టాలి సంతకం?"

అతను వెళ్ళాక సుక్రమ్మ చెయ్యి తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది.

"అన్నా, మెషీను తెచ్చుకున్నావు, బాగుంది. కోత సంగతి అడిగేవా? గీకిన ప్రతిసారీ ఆల్లు కొంత తీసుకుంటారు. బేగి అడిగి తెలుసుకో."

"చూశావుటే నూకాలూ!" అన్నాను ఆమె వెళ్ళగానే. "కుళ్ళు! నా మెషీను చూసి కడుపు మండిపోతోంది!"

"కోతంటే ఏటో కనుక్కోండి ముందు," అంది నూకాలు.

"కోతలు నాకు తెలియవా?"

"మీరు కోసేవి కాదు. ఆల్లు కోసేవి."

నేను వినిపించుకోలేదు. అప్పటికే ఇంకో తలనొప్పి పట్టుకుంది. సుక్రమ్మ మెషీనుకి ఆమె బల్ల దగ్గరే సిగ్నల్ అందుతుంది. నా మెషీనులో వేసిన సిమ్ము వేరే కంపెనీది. బల్ల మీద పెడితే చచ్చినట్టు పడుకుంది. గుమ్మంలో పెట్టినా అంతే. దుకాణం వెనక నడుమెత్తు బండరాయి ఒకటుంది. దాని మీదకెక్కి, కొండవైపు తిరిగి, చెయ్యి పైకెత్తితే కీచుమంది! సంజీవని కొండ ఎత్తుకున్న హనుమంతుడు ఆ క్షణంలో నన్ను చూస్తే సిగ్గుపడి కొండ దించేసేవాడు.

ఆదివారం వచ్చింది. తెల్లారేసరికి రోడ్డు కనబడనంత మంచు. ఇరవై కోళ్ళు కోయించి మసాలా పట్టించాను. కొత్త పంచె కట్టాను. సీజనుకి కోళ్ళు కొనడానికి దాచిన నలభై వేలు మొలకి కట్టుకున్నాను, అలవాటు. ఎనిమిదింటికి బస్సులు మూడూ దిగాయి. జనం బిలబిలా సుక్రమ్మ వైపు నడిచారు. నా గుండె అడుగంటింది.

అంతలో ఎర్ర స్వెట్టరు కుర్రాడొకడు నా వైపు వచ్చాడు.

"తాతగారూ, ఎదుటి వాళ్ళ మెషీను పనిచెయ్యడం లేదట. అరకు ఏటీఎంలో డబ్బుల్లేవు. మా కార్డు గీకి వెయ్యి రూపాయలు క్యాష్ ఇస్తారా?"

అతను మూడు మాటలన్నాడు. నేను విన్నది మొదటిదే. సుక్రమ్మ మెషీను పనిచెయ్యడం లేదు! మంచుకి దాని గొంతు పట్టేసింది! ఒక్క గెంతులో బండ ఎక్కాను. డెబ్భై ఏళ్ళ కాళ్ళు, జింక కాళ్ళయిపోయాయి.

"ఇవ్వు నాయనా కార్డు! వెయ్యేం ఖర్మ, రెండు వేలు తీసుకో!"

కీచ్! చీటీ వచ్చింది. నోట్లిచ్చాను.

"కమీషన్ ఎంత తాతగారూ?"

"కమీషనా? నా దగ్గరా? పైసా లేదు! అందరికీ చెప్పు!"

చెప్పాడు. ఇంకేముంది, బండ కింద లైను! స్వెట్టర్లు, టోపీలు, చంకలో పిల్లలు. లైను దుకాణం చుట్టూ తిరిగి రోడ్డు దాకా పాకింది. నేను కొండవైపు తిరిగి, చెయ్యెత్తి, కీచు మీద కీచు కొట్టిస్తున్నాను. ఒక చేత్తో మెషీను, ఒక చేత్తో నోట్లు. ఆ వేగం చూసి ఒకావిడ వీడియో తీసింది. పక్కన జలపాతం కూడా కాసేపు ఆగి చూసినట్టే అనిపించింది నాకు.

కింద నుంచి నూకాలు పిలిచింది. "ఏటండీ! ఓపాలి ఎనక్కి తిరిగి సూడండి!"

"తిరిగితే సిగ్నల్ పోతుంది!"

"జనం ఎటెల్తన్నారో సూడండి!"

"లైను చూడవే, లైను! మూర్తి చూస్తున్నాడా?"

"సూత్తన్నాడు. తింటన్నాడు కూడా."

తింటున్నాడంటే నా చికెనే అనుకున్నాను. ఇంకెవరిది అనుకుంటాను?

మధ్యాహ్నానికి మొల ఖాళీ అయింది. ఆఖరి నోటు ఇచ్చేసి, విజయగర్వంతో మీసం తిప్పుకుని, అప్పుడు వెనక్కి తిరిగాను.

నా ఎర్ర బల్లల మీద ఈగలు. కుండలో ఇరవై కోళ్ళూ పొద్దున్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నిప్పుల దగ్గర నూకాలు ఒక్కతీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. రోడ్డుకి అవతల నీలం బల్లల మీద కూర్చోవడానికి చోటు లేక, జనం నిలబడి తింటున్నారు! నా బండ దగ్గర నోట్లు తీసుకున్న ఎర్ర స్వెట్టరు అక్కడ ఎముక చీకుతున్నాడు. నా దగ్గర నోటు పుచ్చుకున్న చెయ్యి ప్రతిదీ అక్కడ బొంగు పట్టుకుని ఉంది. పొద్దుటి నుంచి నేను చేసిందేమిటయ్యా అంటే, సుక్రమ్మ గిరాకీలకు డబ్బులు పంచడం!

మూర్తి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"లైను నా దగ్గరే పెద్దది! నువ్వే చూశావు!" అన్నాను బండ మీద నుంచే.

"నిజమే తాతగారూ. ఇంత లైను నేనెక్కడా చూడలేదు. కాని అది తినే లైను కాదు కదా!" అన్నాడు. "బస్సులు సుక్రమ్మగారి దగ్గర ఆపుతాం. మీరేం అనుకోకండి. డబ్బులు కావలసినవాళ్ళని మీ దగ్గరికి పంపమని మా డ్రైవర్లకి చెబుతాను."

అనుకోకండట!

సోమవారం పొద్దున్న బండెక్కితే ఫోనుకి మెసేజి వచ్చింది. నేను పంచింది నలభై వేలు. ఖాతాలో పడింది ముప్పై తొమ్మిది వేల యాభై ఆరు. ఏజెంటుకి ఫోను చేసి, కొండ అవతలికి కూడా వినబడేలా అరిచాను. అతను ఓపిగ్గానే చెప్పాడు. క్రెడిట్ కార్డు గీకితే నూటికి రెండు రూపాయలు దుకాణదారు దగ్గర కోస్తారు, ఆ రెండు మీద జీఎస్టీ వేరే. మీరే సంతకం పెట్టారు కదా అన్నాడు. ఇదేం కొసరయ్యా అని నిలదీశాను. సంతలో కొన్నవాడు కొసరు అడుగుతాడు, అది న్యాయం. కొననివాడు, అమ్మనివాడు, మధ్యన వైరులో నిలబడ్డవాడు కొసరు పుచ్చుకోవడం నా జన్మలో ఇదే చూడడం.

"అయినా తాతగారూ, మీరు సరుకేం అమ్మారు నలభై వేలకి?"

"సరుకా? నోట్లే ఇచ్చాను."

అతను మెల్లగా అన్నాడు. "క్రెడిట్ కార్డు గీకి క్యాష్ ఇవ్వడం రూలు ఒప్పుకోదండి. ఇంకోసారి చేస్తే మెషీను వెనక్కి పట్టుకుపోతాం."

ఫోను పెట్టేసి బండ దిగి వస్తే సుక్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఆకు మూట, దాని మీంచి పొగలు. నూకాలు ముందు రోజే అంతా చెప్పేసినట్టుంది.

"కోత పడిందేటి అన్నా?"

"పడింది."

"ఎంతేటి?"

"తొమ్మిది వందల నలభై నాలుగు."

"అయ్యో! నాను సెప్పేను కదా అన్నా!" అంది. నిజంగానే బాధపడింది. తరవాత పెదవి బిగబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న నాకు పైసా కోత పడలేదు. అన్నీ నోట్లే."

"నీ మెషీను చెడిపోయింది కాబట్టి బతికిపోయావు."

"సెడిపోలేదన్నా. మంచు ఇడిసేక పది గంటలకే సిగ్నల్ వచ్చేసింది."

"మరి?"

"సూస్తే నువ్వు బండెక్కి ఉన్నావు. ఎంత సంబరంగా ఉన్నావో! మజ్జెలో సెడగొట్టడం ఎందుకని నానే మెషీను ఆపేసేను."

నూకాలు వెనక్కి తిరిగి నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగుతున్నాయి. నలభై ఏళ్ళ కాపురంలో నా ఏ కథకీ అంత నవ్వలేదు.

సుక్రమ్మ మూట నా చేతిలో పెట్టి, "నీ కొసరన్నా," అని రోడ్డు దాటి వెళ్ళిపోయింది. విప్పి చూశాను. రెండు ముక్కలు. నూటికి రెండు లెక్కన, సరిగ్గా రెండే!

తినకూడదనుకున్నాను. పౌరుషం ఉన్నవాణ్ణి. ఆ పౌరుషం వల్లే ఒక్క ముక్క చాలాసేపు ముట్టుకోలేదు. రెండోది అప్పటికే తినేశాననుకోండి.

నా మాట విని మీరెవరూ తొందరపడి కార్డు మెషీను పెట్టకండి. పెట్టినా కోతెంతో అడిగి పెట్టండి. తొమ్మిది వందల నలభై నాలుగు పోయినందుకు నాకు బాధ లేదు. బస్సులు పోయినందుకు కూడా, పోనీ అనుకుంటాను. నాకు నిద్ర పట్టనిది ఒక్కటే విషయం, ఇది మాత్రం మన నలుగురి మధ్యే ఉండాలి. ఆ ముక్క నా దానికంటే మెత్తగా ఉంది. వాళ్ళ అవ్వకి ఎవరు నేర్పారో గాని!