భయపడుతూ వచ్చిన పాస్టరమ్మ

శుక్రవారం సాయంత్రం బోధన్ చర్చిలో పిల్లలకు క్రిస్మస్ పాటలు నేర్పించి ఇంటికి వెళ్లిన మా పాస్టరమ్మ తెల్లవారేసరికి లేరు. నిద్రలోనే పోయారట. కబురు విన్నప్పటి నుంచి నాకు భయంగా ఉంది. భయమేస్తే నేను ఫోన్ చేసేది ఆమెకే. ఈ భయం ఎవరికి చెప్పుకోను?

ఆమె ధైర్యవంతురాలేమీ కాదు. ఉరిమితే కిటికీలన్నీ మూసేవారు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూసేవారు. బస్సంటే మరీ భయం. చెరుకు ట్రాక్టర్ ఎదురైతే ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకునేవారు.

అలాంటి మనిషి ఒక క్రిస్మస్ రోజు ఒంటరిగా బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు.

మా పాప ఏడో నెలలోనే పుట్టింది. నిజామాబాద్ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. మా ఆయన మందులకు వెళ్లాడు. నేను బయట బల్ల మీద కూర్చుని, ఆ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. అప్పుడు వచ్చారు పాస్టరమ్మ, పండుగ చీరలోనే, చెమటలు పట్టి. చర్చిలో పాటలు వేరేవాళ్లకు అప్పగించి బయలుదేరారట.

"పాప మంచిగైతదని చెప్పున్రి అమ్మా," అన్నాను.

"ఎట్ల జెప్పాలె బిడ్డా? నాకు తెల్వది గద."

నాకు కోపమొచ్చింది. "శాంతి ఇచ్చే పండుగ అంటరు గదా. మరి నాకేది శాంతి?"

ఆమె వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఏసయ్య పుట్టిన రాత్రి దేవదూత గొర్లకాపరులను భయపడకున్రి అన్నడు. వాళ్లు వణుకుతున్నరు గాబట్టే అన్నడు. మరియమ్మకు మాత్రం భయం లేకుండెనా? ఊరుగాని ఊర్ల, పశువుల పాకల కాన్పాయె. శాంతంటే భయం పోవుడు గాదు బిడ్డా. భయపడేటోళ్ల నడుమకు దేవుడే వచ్చి కూసునుడు. గందుకే నేను గూడ వచ్చి కూసున్న."

అంతలో నర్సు తలుపు తీసి, పాప తల్లి ఎవరని అడిగింది. నాకంటే ముందు పాస్టరమ్మ లేచారు. పాలు తీసి ఇమ్మని చెప్పడానికే పిలిచింది. మళ్లీ కూర్చున్నాక, బస్సులో కమ్మీని పట్టుకున్నట్టే బల్ల అంచు పట్టుకున్నారు.

పాప బతికింది. ఇప్పుడు బడికి వెళ్తోంది. చలికాలంలో దానికి ఆయాసం. ఆరాధనలో అది దగ్గితే చాలు, ముందు నిలబడి పాడుతున్న పాస్టరమ్మ తల ఇటు తిరిగేది. పాట మాత్రం ఆగేది కాదు. ఈ ఆదివారం కూడా దగ్గింది. ఎవరూ తిరిగి చూడలేదు.

ఆ మధ్యాహ్నమే భూస్థాపన జరిగింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి, ఆమె భర్త, మా పాస్టరయ్యగారు, స్టూలెక్కి వాకిట్లో కాగితం నక్షత్రం కడుతున్నారు.

"ఈ యేడు వద్దేమో అయ్యగారూ," అంది పక్కింటావిడ.

"కట్టాలె. గిప్పుడే గావాలె," అన్నారాయన.

దారం ముడి పడటం లేదు. స్టూలు ఊగుతోంది. నేను వెళ్లి గట్టిగా పట్టుకున్నాను. పైన ఆయన చేతిలోని దారానికి నక్షత్రం గాలికి ఇటూ అటూ తిరుగుతూనే ఉంది.