తల ఎత్తిన గొర్రె

2023 మే 14, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నేను ఆ ఆస్ట్రేలియా సినిమాను మొదలుపెట్టాను. ఈ జ్ఞాపకాలలో ఎవరి పేరూ రాయకూడదని నియమం పెట్టుకున్నాను కనుక సినిమా పేరు కూడా రాయడం లేదు. రాసినా గుర్తుపట్టేవారు తక్కువే. అది భయపెట్టే సినిమా అంటారు గానీ మొదటి గంటలో భయపడవలసినదేమీ జరగదు. హాస్టల్‌లో మిత్రులకు చూపించినప్పుడు పావుగంటలోనే అందరూ లేచి వెళ్లిపోయారు. నేను ఒక్కడినే చివరిదాకా చూశాను. అప్పటి నుంచి ఏడాదికి ఒకసారైనా చూస్తాను.

ఆ ఆదివారం నా మనసు బాగాలేదు. మరుసటి ఉదయం గొర్రెల వ్యాపారి మా ఇంటికి రావలసి ఉంది. పిలిపించినది నేనే. నాయనకు ఎడమ కంటిలో పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకోమంటే మందను ఎవరు మేపుతారని వాయిదా వేస్తూ వచ్చాడు. నాలుగు రోజుల క్రితం, సాయంత్రం మంద దొడ్డిలోకి వస్తున్నప్పుడు, నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కటిగా పైకి లెక్కపెట్టాను. నలభై మూడు ఉండవలసిన చోట నలభై ఒకటే ఉన్నాయి. మరునాడూ అంతే. నేను గుత్తిలో ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెబుతాను; వేసవి సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. రెండుసార్లు లెక్కపెట్టినది తప్పు కాదని నా నమ్మకం. రాయదుర్గంలో ఉన్న అక్కకు ఫోన్ చేసి, నాయనకు తెలియకుండానే రెండు గొర్రెలు తప్పిపోయాయని, మంద అమ్మేయడమే మంచిదని చెప్పాను. నాయన వరండాలో కూర్చుని అదంతా విన్నాడు. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

ఎండకు మంద దొడ్డిలో పడుకుని ఉంది. నాయన నీళ్లు తాగడానికి లోపలికి వచ్చి, నా ల్యాప్‌టాప్‌లో కనిపించిన ఎండిన మైదానాన్ని చూసి ఆగాడు.

“ఇది యాడప్పా? ఉరవకొండ తట్టు మాదిరి ఉండాదే.”

“ఆస్ట్రేలియా, నాయనా.”

“ఆడ గూడా వాన లేదా?” అంటూ పక్కన కూర్చున్నాడు. బాగా కనిపించే కన్ను తెరవైపు ఉండేలా తల తిప్పుకున్నాడు. గొర్రెలు కనిపించగానే నవ్వాడు. “అవి గొర్రెలా, పరుపులా?”

అమ్మ వంటింట్లోనుంచి తొంగిచూసింది. “ఇంట్లో ఉండేటివి చాలవని పరాయి దేశం గొర్రెలు చూస్తాండారా తండ్రీ కొడుకులు? ఆ దొడ్డి ఊడ్చేది ఎవరు?”

“అరిచేది ఆపు. పాపం, ఆయప్ప ఒంటరిగా ఉండాడు,” అన్నాడు నాయన తెర మీది ముసలి రైతును చూపిస్తూ.

ఆ రైతు ప్రతి సాయంత్రం గేటు దగ్గర నిలబడి గొర్రెలను పైకి లెక్కపెడతాడు. లెక్క ప్రతిరోజూ సరిపోతుంది. ఆయన తృప్తిగా తలుపు వేసుకుంటాడు. అయినా ఆయన పెంపుడు కుక్క దొడ్డి దగ్గరకు పోదు. ఎందుకు పోదో సినిమా చాలాసేపు చెప్పదు. నా మిత్రులకు నచ్చనిది ఇదే. నాయనకు మాత్రం అది నెమ్మదిగా అనిపించలేదు. రోజంతా గొర్రెల వెంట నడిచే మనిషికి గంటసేపు గొర్రెలను చూడటం ఏమంత పని?

సరిగ్గా పద్దెనిమిదో నిమిషంలో ఆయన వేలు పెట్టి చూపించాడు. “అది గొర్రె కాదు.”

నేను సినిమా ఆపాను. నడినెత్తిన ఎండ. గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చి నిలబడి ఉన్నాయి. వెనుక వరుసలో ఒక్కటి మాత్రం తల ఎత్తి ఉంది. ఇన్నేళ్లలో నేను దానిని గమనించలేదు.

“మిట్టమధ్యానం గొర్రె తల ఎత్తుతాదా? నీడ లేకుంటే పక్కదాని పొట్టే నీడ. నిన్ను పదేండ్లు గొర్రెల ఎనకాల తిప్పినా, ఇది తెలీదా నీకు?”

చివరి పది నిమిషాలలో అదే నిజమని తేలింది. ఏదో ఒకటి గొర్రె రూపంలో మందలో చేరి, ఒక్కొక్కదానిని మింగి, ఆ స్థానంలో తనవంటి దానినే నిలబెడుతూ వచ్చింది. అందుకే లెక్క ఎన్నడూ తప్పలేదు. నాయన గెలిచినట్టు సంబరపడతాడని నేను అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“లెక్క సరిపోయిందని ఆయప్ప నిద్రపోయినాడు,” అన్నాడు. “లెక్క సరిపోలేదని నువ్వు అమ్మేస్తాండావు. ఇద్దురూ మొగాలు చూళ్లేదు.”

“మరి ఆ రెండూ ఏమైనాయి, నాయనా?”

“చెవి చీలినదీ, తెల్లమూతిదీ. రెండూ నిండు చూడివి. ఈ ఎండకు నడవలేవని మీ పెద్దమ్మ కొట్టంలో ఇడిసినా. పొద్దున ఒకటి ఈనింది గూడా.”

“నాకు ఒక్క మాట చెప్పకూడదా?”

“నువ్వు అడిగినావా? ఎన్ని ఉండాయో నువ్వే చెప్పినావు. యాడ ఉండాయని అడగలేదు గదా. అదీ గేటుకాడ నిలబడి ఊరంతా ఇనేట్టు! మందను పైకి లెక్కపెట్టకూడదని మీ అవ్వ నీకు చెప్పలేదా?”

చెప్పింది. పైకి లెక్కపెడితే మందకు దిష్టి తగులుతుందని, సంఖ్య నోట రాకూడదని నా చిన్నతనంలో ఎన్నోసార్లు చెప్పింది. చదువుకున్న తరువాత దానిని మూఢనమ్మకాల జాబితాలో వేశాను. సంఖ్య నోట రాకూడదన్న ఇంట్లో ప్రతి గొర్రెనూ మొగం చూసే గుర్తుపట్టవలసి వస్తుందన్న సంగతి నాకు ఆ మధ్యాహ్నం వరకు తోచలేదు.

అమ్మ దొడ్డి ఊడ్చి వచ్చి గుమ్మంలో నిలబడింది. “మాస్టరుకు పాఠం అయిందా?” అని అడిగింది.

“నాయనా, కన్ను మాత్రం నిజంగా సరిగా లేదు,” అన్నాను నేను.

“లేదు,” అన్నాడు నాయన. నాలుగు నెలలుగా నేను వినాలనుకున్న మాట అది. “కంటి ఆపరేషన్‌కు పోతే పది దినాలు మందను ఎవురు చూస్తారు?”

“నేను చూస్తాను. సెలవులే కదా.”

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “లెక్కపెట్టకుండా?”

“లెక్కపెట్టకుండా.”

నేను వ్యాపారికి ఫోన్ చేసి రావద్దని చెప్పాను. ఆ నెలాఖరులో అనంతపురంలో నాయన కంటికి ఆపరేషన్ అయింది. మంద మా దగ్గరే ఉంది. సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రం గేటు దగ్గర నేను ఇప్పుడు పైకి లెక్కపెట్టడం లేదు. పదకొండు గొర్రెలను మొగం చూసి గుర్తుపట్టగలను. మిగిలిన వాటిని నాయనను అడుగుతాను.