జెట్టులో ఆకుపచ్చ నూగు

మొన్న నెల్లూరులో మా మనవడి పాత మోటారుసైకిలు దగ్గి దగ్గి దారిలో ఆగిపోతే, రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్కు కార్బొరేటర్ ఊడదీసి, ఎక్కడ సంపాదించాడో గాని, కిరసనాయిలులో కడగడం మొదలుపెట్టాడు. ఆ వాసన తగలగానే నేను బెంచీ మీద నుంచి లేచి అతని చేతుల దగ్గరికి పోయి నిలబడ్డాను. మనవడు సిగ్గుపడ్డాడు. మనుషుల చేతులు కనిపెట్టి చూడడం నాకు పదేళ్ళప్పుడు నేర్పారు, డెబ్బై దాటినా వదల్లేదు.

మాది విడవలూరు దగ్గర, సముద్రపు హోరు వినిపించే ఊరు. నాన్న బడిపంతులు, ఊరికంతా అయివారు. అంతటి అనుమానపు పక్షిని నేను మళ్ళీ చూడలేదు. పాలు పోయించుకుంటే చెంబులో వేలు ముంచి చూసేవాడు, చేపలమ్మి వస్తే ప్రతి చేప మొప్పా ఎత్తి చూసేవాడు, చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకున్నా ఒక కన్ను గుమ్మం ముందు విడిచిన చెప్పుల మీదే ఉంటుందని అమ్మ నవ్వేది. అలాంటి మనిషి ఇసుకలో గుంటగా తవ్విన దొరువులోంచి చేనికి నీళ్ళు తోడడానికి కిరసనాయిలు ఇంజను కొన్నాడు. నడపడం ఆయనకు చేతకాదు. నడిపేది మస్తాను, చిల్లుపడ్డ రేకు డబ్బాలకు మాట్లు వేసే సాయిబు. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పగలవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. తనకు తెలియని పని ఇంకొకరి చేతిలో ఉండడాన్ని మించిన బాధ నాన్నకు లేదు.

ఆ ఏడు వానలు దీపావళితోనే మొహం చాటేశాయి. మొలగొలుకుల వరి పొట్టకొచ్చి ఉంది. ఇంట్లో క్రిస్మసు అరిసెలకు అమ్మ పాకం పడుతుంటే వచ్చే బెల్లం వాసనా, వరండాలో డబ్బాల నుంచి వచ్చే కిరసనాయిలు వాసనా కలిసిపోయి, ఆ నెలంతా మా అన్నం కూడా అదే వాసన వేసింది. ఇంజను వారం ఆగితే తాలు తప్ప గింజ దక్కదు. మస్తాను కిరసనాయిలు కాజేసి నీళ్ళు కలుపుతాడని నాన్న అనుమానం. అందుకని డబ్బాలకు తాళం వేసి, ఇక మీదట గుడ్డలో వడగట్టే పోయాలన్నాడు. గుడ్డ నూగు రాలుస్తుందనీ, ఇత్తడి జల్లెడ ఉన్న గరాటు చాలనీ మస్తాను చెప్పి చూశాడు. వద్దన్నాడంటే ఏదో ఉందని నాన్న ఇంకా బిగించాడు. వడగట్టే పని నాది, మస్తాను మీద కన్నేసి ఉంచే పనీ నాదే. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది.

వడగట్టడానికి అమ్మ ఒక తెల్లగుడ్డకు నాలుగు పక్కలా అంచు కుట్టి ఇచ్చింది. దాన్ని దొరువులో ఉతుకుతూ పోగొట్టుకున్నాను. నాన్న చింతబరికె గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా అమ్మ పాత ఆకుపచ్చ చీర నుంచి ఒక పేలిక చింపి దాంతో కానిచ్చాను. దాన్ని చేలో కంచె మీద ఆరేస్తుంటే మస్తాను ఒక్కడే చూశాడు.

మూడోనాటి పొద్దున ఇంజను వరసగా కొడుతూ కొడుతూ మధ్యలో ఒక్కో దెబ్బ మింగడం మొదలుపెట్టింది. గొట్టంలో నీళ్ళు సన్నబడ్డాయి. నాన్న బడి మానేసి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. మస్తాను తొందరపడలేదు. ముందు ప్లగ్గు ఊడదీసి మసి గీకి, ఇంజనుకు ఆనించి చక్రం తిప్పితే నీలంగా నిప్పు చిటుక్కుమంది. ట్యాంకు కింద గొట్టం విప్పితే కిరసనాయిలు ధారగానే వచ్చింది. ఆ తర్వాత కార్బొరేటర్ గిన్నె విప్పి, అందులోది గాజుగ్లాసులో పోసి నాన్నకు చూపించాడు. నీళ్ళు కలిస్తే అడుగున విడిగా కనబడాలి.

“నీళ్ళు లేవు గదా అయివారూ,” అన్నాడు.

నాన్న గ్లాసును ఎండకు మూడుసార్లు తిప్పి చూశాడు గాని ఔననలేదు.

ఇక మిగిలింది జెట్టు, సూది బెజ్జమంత రంధ్రం ఉన్న ఇత్తడి మరమేకు. మస్తాను దాన్ని ఆకాశానికి ఎత్తి ఒంటికన్నుతో చూశాడు. వెలుగు రాలేదు. పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఊదితే అతని అరచేతిలో చిటికెడు నూగు పడింది. ఆకుపచ్చ నూగు. అతను దాన్ని చూశాడు, పక్కనే కూర్చున్న నన్ను చూశాడు.

“ఏందది మస్తానూ?” అని గట్టు మీద నుంచి నాన్న అడిగాడు.

“దుమ్ము అయివారూ,” అని మస్తాను అరచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

ఇంజను నిండుగా పలికింది. చేను బతికింది. మస్తాను మాత్రం మిగల్లేదు.

“మా పాప వడగట్టిన దాంట్లోకి దుమ్మెట్టా వస్తాది? నువ్వేసిందే,” అన్నాడు నాన్న. కోతలు కాగానే అతన్ని మాన్పించాడు. కావాలని చెడగొట్టి, బాగుచేసినట్టు నటించాడని ఊరంతా చెప్పాడు. అయివారి మాట ఎవరు కాదంటారు? ఒక్కొక్కరే ఇంజన్లకు అతన్ని పిలవడం మానేస్తే, పెళ్ళాం బిడ్డలతో వాకాడు వైపు వెళ్ళిపోయాడు. నా ఒంటి మీద పడాల్సిన దెబ్బలకు అతను తన మంచిపేరు ఇచ్చేశాడని నాకు అప్పుడే తెలుసు. తెలిసే, ఇంజను బాగుపడిన సాయంత్రమే ఆ పేలికను అరిసెల పొయ్యిలో పెట్టాను. నాన్న పోయేదాకా కూడా చెప్పలేదు. పెద్దయ్యాక వాకాడు పోయి అతన్ని వెతకనూ లేదు. భయం అంటే నమ్ముతారేమో గాని, అది సిగ్గు.

ఇప్పుడు మా దొరువులు రొయ్యల గుంటల్లో కలిసిపోయాయి. మొలగొలుకులు వేసేవాళ్ళు లేరు. కొత్త బండ్లకు ఈ జెట్లు కూడా రావడం లేదని మొన్న ఆ మెకానిక్కే చెప్పాడు. చెబుతూనే చేతిలోని జెట్టును గట్టిగా ఊది, అరచెయ్యి ప్యాంటుకు తుడవబోయాడు.

“ఏందయ్యా అది?” అని అడిగాను.

“దుమ్మమ్మా,” అన్నాడు.

అతని చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి చూశాను. నిజంగానే దుమ్ము.