ఆపమంటే ఆపని కాలు

ఆ రోజుల్లో నాకు మనుషుల ముఖాలకంటే పిక్కలే ఎక్కువ గుర్తుండేవి. అడిలైడ్‌లో పీహెచ్‌డీ చేస్తుండేవాణ్ణి. మనిషిని ఎంఆర్ఐ మెషిన్‌లో పడుకోబెట్టి, పాదంతో పెడల్ తొక్కించి, పిక్క కండరంలో ఖర్చయిన శక్తి విశ్రాంతి వేళ మళ్ళీ ఎంత త్వరగా నిండుతుందో చూడటం నా పని. (మొదట పరీక్షించింది నా పిక్కనే. ఆదివారం ఆదివారం క్రికెట్ ఆడతానని గొప్పలు పోయానా, ల్యాబ్ మొత్తంలో అందరికంటే నిదానంగా నిండింది నాదే.)

అరవై దాటినవాళ్ళలో ఇంకొక్కరి కొలత దొరికితే నా థీసిస్ పూర్తవుతుంది. ఒప్పుకున్న పెద్దాయన తీరా స్కాన్ రోజు పొద్దున్నే రానన్నాడు. మర్నాటి నుంచి మెషిన్ నెలల తరబడి మరమ్మతులో ఉంటుంది, ఈలోగా నా స్కాలర్‌షిప్ అయిపోతుంది. మాసన్ లేక్స్‌లో నేను అద్దెకున్న ఇంటి ఆంటీ దోసె తిరగేస్తూనే, "నాకూ అరవై దాటాయిగా, నేనొస్తాలే నాన్నా. నీ స్టడీ ఆగిపోతే ఎట్టా?" అన్నారు. ఒంటి మీద లోహం ఉండకూడదు, మరి మంగళసూత్రం సంగతి? ఎలా చెప్పాలా అని కారులో నేను నీళ్ళు నములుతుంటే, ఆవిడ అప్పటికే ఫారం చదివేసి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని మరీ కూర్చున్నారు.

కుర్రాళ్ళు రెండు నిమిషాలకే ఆయాసపడే పెడల్‌ని ఆంటీ పిండి రుబ్బినంత తీరుబడిగా తొక్కారు. "ఇక ఆపండి ఆంటీ, రెస్ట్" అన్నాను మైకులో. అప్పుడు శక్తి నిండుతున్న కొద్దీ స్క్రీన్ మీద గీత పైకి లేవాలి. లేవలేదు. మా ప్రొఫెసరమ్మ అద్దంలోంచి తొంగిచూసి, "షీ ఈజ్ స్టిల్ గోయింగ్!" అంది. రెండోసారీ అదే తంతు. లోపలికి పరుగెత్తాను.

"ఆపమన్నాను కదా ఆంటీ!"

"మొహమాటానికి అంటున్నావనుకున్నా నాన్నా. నాలుగు ఎక్కువ తొక్కితే నీకు మార్కులు పెరుగుతాయని..."

"మీరు ఊరికే పడుకుంటేనే నా చదువు గట్టెక్కేది. ఇంకొక్కసారికే టైముంది."

"ఊరికేనా?" అన్నారు. ఆవిడ ముఖంలో భయం చూడటం నాకదే మొదటిసారి.

మూడోసారి ఆపమనగానే ఆగారు. కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, కష్టపడి విశ్రాంతి తీసుకున్నారు. గీత లేచింది చూడండి, నా పాతికేళ్ళ పిక్క సిగ్గుతో చచ్చిపోయేలా! ప్రొఫెసరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి (సగం థీసిస్ కోసమే అనుకోండి).

బయటికొచ్చిన ఆంటీ, "ఆరు నిమిషాలు! పెళ్ళయ్యాక పట్టపగలు నన్ను పడుకోమన్నది మీ మెషినొక్కటే నాన్నా" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. రెండేళ్ళుగా ఆవిడ చేతి వంట తింటున్నాను. ఆ సాయంత్రం ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి వంటకు నేనే దిగాను. అన్నం అడుగంటింది, పప్పు ఉడకలేదు. ఆంటీ మెతుకు మిగల్చకుండా తిని, "బావుంది" అన్నారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. విశ్రాంతి మీద థీసిస్ రాసిన ఆ మేధావి, మాడిన గిన్నెను ఆవిడే తోముతుంటే చూస్తూ కూర్చున్నాడు.