రద్దు కాని సదస్సు

తొంభైల చివర్లో జరిగే అంతర్జాతీయ సాంకేతిక సదస్సులకు ఒక అలవాటుండేది. ప్రతినిధులు రెండు రోజులు హోటల్లో మాట్లాడుకునేవారు. మూడో రోజు వాళ్లని ఏదో ఒక పల్లెకు తీసుకెళ్లి, ఆ మాటలు అక్కడిదాకా చేరిపోయాయని చూపించేవారు. ఒక ఏడాది సదస్సు విశాఖపట్నంలో పెట్టారు కాబట్టి పల్లె వంతు అరకు లోయకు వచ్చింది. అప్పట్లో నేను ఒక దినపత్రికకు ఏజెన్సీ ప్రాంతపు వార్తలు రాసేవాణ్ని.

ఎంపికైన ఊరు అరకుకు మూడు కిలోమీటర్ల దూరంలో, గెడ్డ అని పిలిచే కొండవాగు దాటాక ఉంటుంది. పైన కాఫీ తోటలు, కింద సామ, రాగి చేలు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సర్కారు భవనం రెండు గదుల ఆరోగ్య ఉపకేంద్రం. అక్కడి నర్సమ్మది శృంగవరపుకోట వైపు పల్లె. వచ్చి తొమ్మిదేళ్లయింది. బదిలీ అడిగీ అడిగీ, చివరికి అడగడమే మానేసింది.

సదస్సుకు పది రోజుల ముందు ఉపకేంద్రానికి కంప్యూటరు వచ్చింది. దానితో పాటు జనరేటరు వచ్చింది. రెంటినీ కనిపెట్టుకుని ఉండటానికి ఒక సమన్వయాధికారి వచ్చాడు. ఇంటర్నెట్ నడవాలంటే ఫోను కావాలి కనుక అరకు ఎక్స్ఛేంజి నుంచి స్తంభాలు పాతి తీగ లాగారు. ఆ ఊరివాళ్లు ఫోను కోసం ఆరేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. గెడ్డ అడ్డముంది, సాధ్యం కాదని జవాబు వచ్చేది. ఈసారి గెడ్డ అడ్డురాలేదు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది.

రిహార్సలు చూడటానికి నేనూ వెళ్లాను. ఊరి పెద్దను కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, చేయి మౌసు మీద పెట్టించారు. ఆయన దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇది ఏటి తింటాది బాబూ?" అని అడిగాడు.

"కరెంటు," అన్నాడు అధికారి.

"అయితే మా ఊర్లో పస్తే."

గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు పకపకా నవ్వారు. అధికారి నవ్వలేదు. "విదేశీయులు అడిగితే ఏం చెప్పాలి? ప్రపంచం మాకు దగ్గరైంది అనాలి. ఏదీ, అనండి."

"ఎంత దగ్గరైంది? అరకు కంటేనా?"

"అంతకంటే దగ్గర."

"మరయితే ఆళ్లు రైలెక్కి రావడమేటి?"

నర్సమ్మ ఈ గోలలో లేదు. ఆమెకు కంప్యూటరుతో పని లేదు, చూపంతా ఫోను మీదే ఉంది. గంటకోసారి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, ఆ మోత విని, పెట్టేసేది. కిందటి వానాకాలం ఒక ఇల్లాలికి నొప్పులు మొదలైతే డోలీ కట్టి మోసుకెళ్లారు. గెడ్డ పొంగి ఉంది. అరకు ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది, బిడ్డ బతకలేదు. ఆసుపత్రికి జీపు ఉంది, డ్రైవరున్నాడు. కబురు అందితే గెడ్డ అవతలి ఒడ్డుకు వచ్చి నిలబడతాడు. కబురు అందడమే లేదు.

"మీటింగు అయిపోయాక దీన్నేటి సేత్తారు బాబూ?" అని నన్నడిగింది.

తెలియదన్నాను. నాకు తెలుసు. పని కాగితం టెలిఫోన్ లైన్‌మన్ దగ్గర చూశాను. సదస్సు వారి సందర్శన ముగిసేవరకు తాత్కాలిక కనెక్షన్ అని రాసి ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లారుజామునుంచే వాన. అతిథుల ముందు ధింసా నృత్యం ఆడాల్సిన ఆడవాళ్లు కొప్పుల్లో పూలు పెట్టుకుని ఉపకేంద్రం వసారాలో ఇరుక్కుని కూర్చున్నారు. పదిన్నరకు కబురొచ్చింది, ఆ ఫోన్‌కే. టైడా స్టేషను దాటాక కొండ మీంచి రాళ్లు జారి పట్టాల మీద పడ్డాయి. ప్రతినిధుల రైలును వెనక్కి మళ్లించారు. మర్నాటి విమానాలకు వాళ్లందరికీ టికెట్లున్నాయి.

అధికారి ముఖం చూసి జాలేసింది. జనరేటరు ఆపించి, కంప్యూటరును గోనెసంచుల్లో చుట్టించి, జీపెక్కబోతుంటే ఒక మాట అడిగాను. "మళ్లీ వస్తారా?"

"తప్పకుండా," అన్నాడు. జీపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి లైన్‌మన్ వచ్చాడు. మనిషి మంచివాడు, కాగితం లేనిదే కత్తెర తీయడు. గొడుగు ముడిచి, నర్సమ్మ ఇచ్చిన టీ తాగి, ఫోను వంక చూశాడు.

"ఇప్పుడే లాగేత్తావేటి తమ్ముడూ?" అంది నర్సమ్మ.

"నానేటి సేసేది అక్కా? అయిపోయాక తీసీమన్నారు."

"ఏటి అయిపోనాది? ఆళ్లు రానేలేదు కదా. మొదలవనిది ఎలాగ అయిపోద్ది?"

లైన్‌మన్ ఆలోచనలో పడ్డాడు. ఆ కోణం అతనికి ఇంతవరకూ తట్టలేదు. "రద్దయిపోతే తీసీడమే. వాయిదా పడితే మటుకు ఉంచాల. ఏదో ఒకటి కాగితం మీద ఉండాల నాకు. ఫైల్లో పెట్టుకోవద్దా?"

"ఎవులిత్తారు కాగితం?"

లైన్‌మన్ నా వైపు చూశాడు. నర్సమ్మ కూడా నా వైపే చూసింది.

నాకు వార్త పంపే వేళ అయింది. అరకు వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి చెప్పే బదులు అక్కడి నుంచే విశాఖ ఆఫీసుకు ఫోను కలిపాను. నోటు పుస్తకంలో 'సందర్శన రద్దు' అని రాసుకుని ఉన్నాను. ఒక్కో వాక్యం చెబుతుంటే అవతల సబ్ ఎడిటర్ రాసుకుంటున్నాడు. రద్దు అనే మాట దగ్గరకొచ్చి ఆగాను.

"లైనులో ఉన్నారా?" అన్నాడు సబ్ ఎడిటర్. "రద్దా, వాయిదానా? హెడ్డింగు పెట్టాలి."

అధికారి నోటి నుంచి వచ్చే 'తప్పకుండా' అనే మాటను పన్నెండేళ్ల వృత్తిలో ఒక్కసారి కూడా నమ్మినవాణ్ని కాను. ఆ మధ్యాహ్నం అక్షరాలా నమ్మాను.

"వాయిదా," అన్నాను. "ప్రతినిధులు తప్పకుండా మళ్లీ వస్తారని అధికారులు చెప్పారు."

మర్నాడు లోపలి పేజీలో, ఎరువుల ప్రకటన కింద, సింగిల్ కాలమ్‌లో వచ్చింది. లైన్‌మన్ పత్రిక కొని, ఆ ముక్క కత్తిరించి, ఫైల్లో అంటించి, తారీఖు వేసి సంతకం పెట్టాడట. తర్వాత ఎవరైనా ఆ కనెక్షన్ సంగతి అడిగితే, సందర్శన ఇంకా జరగలేదండీ అని ఆ కాగితం చూపించేవాడు. అడిగినవాళ్లూ తలూపేవారు. అంతర్జాతీయ వ్యవహారం, మనకెందుకని ఎవరూ కదిలించేవారు కాదు.

మూడు వారాలకు ఆఫీసులో నాకు ఫోను వచ్చింది. అవతల నర్సమ్మ గొంతు. ఫోనులో మాట్లాడాలంటే అరవాలని అప్పటికింకా అనుకుంటోంది. "పొద్దున్న జీపు బేగి వచ్చీసింది బాబూ! గెడ్డ దాటించి ఎక్కించీసాం. ఆడగుంట పుట్టింది. తల్లీ గుంటా బాగున్నారు!"

ఆ ఏడాది నేను రాసిన వార్తల్లో జరిగినదానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది ఆ సింగిల్ కాలమ్మే. దిద్దుబాటు వేయాలని మాత్రం నాకు ఎప్పుడూ అనిపించలేదు.

రెండేళ్లకు రాజధానిలో మళ్లీ పెద్ద సదస్సు పెట్టారు. ఇలాంటివాటి వల్ల మన దేశానికి ఒరిగిందేమిటో ఒక పేజీ వ్యాసం రాయమన్నారు ఎడిటర్. రాశాను. సదస్సుకు వచ్చిన కంపెనీలు కొన్ని ఇక్కడే ఆఫీసులు తెరిచాయని, మన ఇంజనీర్లకు పరిచయాలు, పనులు దొరికాయని, నాలుగు దేశాలవాళ్లు వస్తున్నారంటే ప్రభుత్వం కూడా ఫైబరు తీగలు వేయడంలో తొందరపడుతుందని రాశాను. అవేవీ అబద్ధాలు కావు. అతిథి వస్తున్నాడంటే ఇల్లు ఊడ్చుకుంటాం. దేశమూ అంతే.

ఎడిటర్ చదివి పెన్సిలుతో మార్జిన్‌లో గీత పెట్టారు. "బాగుంది. కానీ అంతా పట్నమే ఉంది. పల్లెలో ఒక్క మనిషికి ఉపయోగపడిన ఉదాహరణ ఉంటే పేజీ నిలబడుతుంది. మీరు ఏజెన్సీలో తిరిగినవారు, ఒక్కటైనా తెలియదా?"

నాకు సరిగ్గా ఒక్కటే తెలుసు. అది రాస్తే టెలిఫోన్ వాళ్లూ చదువుతారు. చదివినవాళ్లలో ఎవరో ఒకరు ఫైలు తెప్పించుకుంటారు. పేరు, ఊరు దాచినా సరే, సదస్సు కోసం గెడ్డ దాటించి తీగ లాగిన ఊరు ఆ లోయలో అదొక్కటే.

చెప్పకుండా రాయడం న్యాయం కాదని నర్సమ్మకు ఫోను చేశాను. విషయమంతా విని అడిగింది.

"రాస్తే మీకేటైనా మంచి జరుగుద్దా బాబూ?"

"పేజీ నిలబడుతుందట."

"అయితే రాయండి. మీరు సేసిన సాయానికి నాను అడ్డెలాగ సెప్తాను? కాపోతే నెలలు నిండినోళ్లు ఇద్దరున్నారు నాకు. ఆళ్ల పురుళ్లు కానిచ్చి రాయండి."

ఎడిటర్‌తో ఇంకా ఉదాహరణ దొరకలేదని చెప్పాను. వ్యాసం అలాగే అచ్చయింది. నెల తర్వాత వేరే పని మీద నర్సమ్మతో మాట్లాడుతూ, పురుళ్లు అయ్యాయా అని అడిగాను.

"అయ్యాయి బాబూ, సుకంగా అయ్యాయి," అంది. "ఇప్పుడు ముగ్గురున్నారు."