ఉప్పు పలకలు

డెబ్బై మూడో ఏడు మాదన్నపేటలో వాన గోడల లోపలికీ వచ్చింది. ప్రకాశం ఇంట్లో బట్టలు, బియ్యం, మాటలు అన్నీ చెమ్మగిల్లాయి. ఒక్క డబ్బాను మాత్రం అతను పొడిగా కాపాడుకున్నాడు. అందులో రెండు ఉప్పు పలకలు. అద్దంలా తేటగా, అరచేతిలో ఇమిడేంత చిన్నవి.

అతని పరిశోధన హైడ్రోజన్, క్లోరిన్ జంటగా ఉన్న చిన్న అణువు మీద. ఆ జంట దగ్గరవుతూ, దూరమవుతూ కంపిస్తుంటే వాటి విద్యుదావేశమూ ఊగుతుంది. ఆ ఊపు ఎంతో, కంటికి కనిపించని పరారుణ కాంతిని అణువు ఎంత తాగిందో కొలిస్తే తెలుస్తుంది. ఒకే రకం పరమాణువుల జంట ఎంత వణికినా ఆ కాంతికి పట్టదు. గాజు ఆ కాంతిని ఆపేస్తుంది, ఉప్పు పోనిస్తుంది. అందుకే వాయువు నింపే గొట్టానికి ఆ పలకలే కిటికీలు.

కొలిచే యంత్రం వేరే సంస్థది. ఎన్నాళ్లో బతిమాలితే ఒక్క రోజు ఇచ్చారు. అది రేపు. ఆ కొలత లేకుంటే థీసిస్ లేదు, గడువు ఇక పెంచబోమన్నారు. పలకలకు చివరి మెరుగు పెట్టి, డబ్బా మూసి, ప్రకాశం గొట్టం తేవడానికి ల్యాబుకు వెళ్లాడు.

సాయంత్రం వచ్చేసరికి తండ్రి గుండయ్య గడపలో నవ్వుతూ కూర్చున్నాడు. ఉద్యోగమంతా రైలు సిగ్నల్ దీపాల గాజులు తుడిచిన మనిషి. నోటి ఆవిరి ఊది గుడ్డతో రుద్దడం ఆయన పద్ధతి.

"నీ అద్దాలు తుడిచిన బిడ్డా. గంత చదివినవ్, అద్దం తుడుచుడు రాకపాయె!"

"ఎట్ల తుడిచినవ్ బాపు?"

"ఎట్లేంది? ఊదిన, రుద్దిన. మసక పోలే. జర తడిగుడ్డ పెట్టిన. మస్తు మొండివిరా, రుద్దినకొద్దీ ఇంకా మసకైతున్నయ్."

లోపల్నుంచి తల్లి రాహేలు అంది: "వద్దన్న, వింటేనా? మల్ల డ్యూటీ ఎక్కినట్టు కూసున్నడు."

ప్రకాశం మూత తీశాడు. ఒక పలక మధ్యలో గుంట. రెండోది చప్పరించి పక్కన పెట్టిన పటికబెల్లంలా ఉంది.

"ఇగ వెలుతురు మంచిగ పోతదా?"

గుండయ్య వేళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"పోతది బాపు."

"మరి ఫికర్ ఎందుకు? రేపు బస్సు దాకా నేను గూడ వస్త."

మర్నాడు ఆయన గొడుగును కొడుకు తల మీద కాదు, డబ్బా మీద పట్టాడు. బస్సు కదిలాక వానలో నిలబడి చెయ్యి ఊపాడు.

దిగాల్సిన చోటు వచ్చింది. ప్రకాశం లేవలేదు. సీట్లన్నీ ఖాళీ అయ్యాక కండక్టర్ వచ్చి భుజం తట్టాడు.

"ఆఖ్రీ స్టాప్ సాబ్, ఉత్రో."

దిగాడు. అది ఏ చోటో ఎవర్నీ అడగలేదు.